ఒక పక్కకు ఒరిగిన పికప్ బండి



ఖాళీ పికప్ బండి ఒకటి రోడ్డు మీద మన ముందు పోతూ ఉంటుంది. ట్రాలీ వెనక తలుపు అడ్డంగా, మట్టంగా ఉండాలి. అలా ఉండదు. ఒక కొస కిందికి దిగి, రెండో కొస పైకి లేచి కనిపిస్తుంది. రోజూ అదే సీట్లో కూర్చునే డ్రైవరుకు ఆ ఒరుగు అలవాటైపోయి తెలియదు. వెనక వచ్చేవాళ్లకే ముందు తెలుస్తుంది. గుంటూరు మిర్చి యార్డు దగ్గర, మదనపల్లె టమాటా మార్కెట్ దగ్గర, భీమవరం చేపల చెరువుల దారిలో కాసేపు నిలబడి చూడండి, ఇలాంటి బండ్లు కనిపిస్తూనే ఉంటాయి. బండి నడుస్తోంది కదా, కిరాయి వస్తోంది కదా అని యజమాని ఊరుకుంటాడు. ఊరుకోవద్దని చెప్పడానికి, అసలు కారణాన్ని ఎలా పట్టుకోవాలో వివరించడానికి ఈ ప్రసంగం.

ముందు చిన్న లెక్క. ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య దూరం 1400 మిల్లీమీటర్లు అనుకుందాం. ఒక పక్క 50 మిల్లీమీటర్లు దిగిందంటే బండి రెండు డిగ్రీలు వాలినట్టు. రెండు డిగ్రీలేగా అనిపిస్తుంది. కానీ బస్తాలు ఎత్తుగా పేర్చిన బండిలో సరుకు బరువంతా నేలకు మీటరున్నర ఎత్తున ఉందనుకోండి. ఆ కాస్త వాలుకే ఆ బరువు అయిదు సెంటీమీటర్లకు పైగా పక్కకు జరుగుతుంది. టన్నున్నర లోడయితే ఒరిగిన పక్క చక్రాల మీద 50, 60 కిలోలు ఎక్కువ పడి, అవతలి పక్క అంతే తగ్గుతుంది. దిగిన పక్క స్ప్రింగు అప్పటికే నీరసించి ఉంటుంది కాబట్టి లోడు పడేకొద్దీ ఒరుగు ఇంకా పెరుగుతుంది. ఇక ఘాట్ రోడ్డు మలుపులో, అదే పక్కకు తూలే మలుపులో, ఆ బండి అంచుకు ఎంత దగ్గరగా నడుస్తోందో ఊహించండి. మిరప కోతల కాలంలో ఈ ట్రాలీల్లో కూలీలు కూడా ప్రయాణం చేస్తున్నారు. మనుషుల్ని సరుకు బండిలో ఎక్కించడమే తప్పు. ఒరిగిన బండిలో ఎక్కించడం ప్రాణాలతో పందెం కాయడం.

బండి ఒరిగింది అనగానే చాలాచోట్ల మొదట వినిపించే మాట ‘షాకులు పోయాయి’ అని. కొత్త షాక్ అబ్జార్బర్లు వేస్తారు, డబ్బు తీసుకుంటారు, బండి ఒరిగినట్టే బయటికి వస్తుంది. మామూలు ఆయిల్ షాకు బండి బరువును మోయదు. దాని పని ఊపును ఆపడం. గుంతలో పడి లేచిన బండి పదిసార్లు ఎగరకుండా ఒకటి రెండు ఊపులకే నిలబెట్టడం దాని వంతు. ఎత్తును నిలబెట్టేది స్ప్రింగు. గ్యాస్ నింపిన షాకయితే కొద్దిగా పైకి తోస్తుంది గానీ, టన్ను బరువు బండిని రెండు వేళ్ల ఎత్తు లేపేంత బలం దానికి ఉండదు. నమ్మకం కుదరకపోతే దిగిన పక్క షాకు బోల్టు విప్పించి చూడండి. బండి ఎత్తు దాదాపు మారదు. షాకు లోపల పట్టేసుకుని కదలకుండా పోయిన అరుదైన సందర్భం ఒకటి ఉంటుంది. విప్పిన షాకును చేత్తో లాగి నొక్కితే అది కూడా అక్కడే తేలిపోతుంది.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? నేల దగ్గర. చాలా తగాదాలు నేల చూడకపోవడం వల్లే వస్తాయి. వాన నీరు పోవడానికి రోడ్లను అంచులకు వాలుగా వేస్తారు. పెట్రోలు బంకు నేల, షెడ్డు ముందరి సిమెంటు చప్టా కూడా ఏదో ఒక పక్కకు వాలే ఉంటాయి. తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టం తెప్పించి నాలుగు చక్రాల చోట్లా మట్టం చూడండి. అది దొరక్కపోతే ఇంకా సులువైన పద్ధతి ఉంది. బండిని ఒకచోట నిలిపి కొలిచి, వెనక్కి తిప్పి అదే చోట అవతలి ముఖంగా నిలిపి మళ్లీ కొలవండి. మొదట ఎడమకు ఒరిగినది ఇప్పుడు కుడికి ఒరిగితే దోషం నేలది. తిప్పినా ఎడమకే ఒరిగితే దోషం బండిది.

కొలిచే ముందు బండి ఖాళీగా ఉండాలి. స్టెప్నీ, పనిముట్లు, తాళ్లు, టార్పాలిన్ ఎక్కడ ఉండేవి అక్కడే ఉండనివ్వండి. టైర్లలో గాలి కంపెనీ చెప్పినంత, ఎడమా కుడీ సమానంగా పట్టించండి. బండిని నాలుగడుగులు ముందుకీ వెనక్కీ నెట్టి, ట్రాలీని రెండు చేతులతో నొక్కి వదిలిపెట్టండి. అలా చేస్తే స్ప్రింగులు తమ అసలు ఎత్తుకు వచ్చి కుదురుకుంటాయి. అప్పుడు హబ్బు మధ్య నుంచి నిట్టనిలువుగా మడ్‌గార్డు అంచుదాకా నాలుగు చక్రాల దగ్గరా టేపు పెట్టి రాసుకోండి. ఎడమకూ కుడికీ పది మిల్లీమీటర్ల లోపు తేడా ఉంటే నేనయితే దాన్ని జబ్బుగా లెక్కపెట్టను. డ్రైవరు, డీజిలు ట్యాంకు, బ్యాటరీ ఒకే పక్క ఉన్న బండి ఆ మాత్రం దిగుతుంది. 60 లీటర్ల డీజిలే 50 కిలోల బరువు. అమెరికాలో టొయోటా టకోమా పికప్పులు డ్రైవరు కూర్చునే ఎడమ పక్కకు కొద్దిగా వాలి ఉంటాయని కొన్నవాళ్లు చెప్పుకుంటారు. అక్కడ చాలామంది ఎడమ ముందు స్ప్రింగు మీద పలచటి స్పేసరు వేయించి సరిచేసుకుంటారు. పదిహేను, ఇరవై మిల్లీమీటర్లు దాటిందంటే మాత్రం కారణం వెతకాల్సిందే.

ఇప్పుడు ఆ ఒరుగు ఎక్కడ ప్రవేశించిందో చూడాలి. బండిని నేల నుంచి పైకి చదువుకుంటూ పోవాలి. నేల మీద టైర్లు, టైర్ల మీద యాక్సిలు, యాక్సిలు మీద స్ప్రింగులు, వాటి మీద ఛాసిస్, ఛాసిస్ మీద క్యాబినూ ట్రాలీ. వెనక యాక్సిలే నేలకు సమాంతరంగా లేకపోతే దోషం టైర్లలో ఉన్నట్టు. ఒక పక్క కొత్త టైరు, ఒక పక్క అరిగిన టైరు, లేదా రెండు వేర్వేరు సైజులు. యాక్సిలు మట్టంగా ఉండి ఛాసిస్ వాలిందంటే దోషం స్ప్రింగుల వరసలో ఎక్కడో ఉంది. ఛాసిస్ కూడా మట్టంగానే ఉండి పైన ట్రాలీ ఒక్కటే వాలిందంటే కింద రబ్బరు దిమ్మలు నలిగిపోయాయి, లేదా బాడీ కట్టినవాళ్లే వంకరగా కూర్చోబెట్టారు. ఇది చూడకుండా మడ్‌గార్డు కొలత ఒక్కటే నమ్ముకుని స్ప్రింగులు మార్పించినవాళ్లున్నారు. ఛాసిస్‌ను కొలవడానికి బండి కిందికి దూరక్కర్లేదు. వెనక కొసన రెండు ఛాసిస్ రైళ్ల కింది అంచుల నుంచి నేలకు టేపు పెడితే చాలు.

దోషం స్ప్రింగుల వరసలో ఉందని తేలాక అసలు చిక్కు వస్తుంది. దిగిన మూలే దోషమున్న మూల అనుకోవడం పొరపాటు. నులక మంచానికి ఒక కోడు పొట్టిదైతే ఎదురు మూల పైకి లేస్తుంది కదా, బండి ఛాసిస్ కూడా అలాగే మూలలు కలుపుకుని ఆడుతుంది. వెనక కుడి కమాను కట్ట, అంటే ఉక్కు పట్టీలు పేర్చి కట్టిన స్ప్రింగు, దిగితే ముందు కుడి పక్క కూడా దిగినట్టు కనిపిస్తుంది, ముందు ఎడమ లేచినట్టు కనిపిస్తుంది. ముందరి దోషమా, వెనకటి దోషమా విడదీయడానికి ఒక మంచి పరీక్ష ఉంది. వెనక యాక్సిలు మధ్యలో డిఫరెన్షియల్ కింద జాకీ పెట్టి, వెనక చక్రాలు రెండూ నేలను వదిలేదాకా, అంతవరకే, ఎత్తండి. ఇప్పుడు వెనక భాగమంతా ఒకే బిందువు మీద నిలబడింది. ఎడమా కుడీ పోటీ అక్కడ లేదు, ఛాసిస్ ఎటు వాలాలో ముందు స్ప్రింగులే నిర్ణయిస్తాయి. ముందు కొలతలు రెండూ సమానమయ్యాయంటే ముందు భాగం నిర్దోషి, వెనక కట్టల్లో వెతకండి. ఎత్తినా ముందు ఒరిగే ఉంటే వెనక కట్టల జోలికి పోకండి, ముందు వెతకండి.

ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలను. మన పికప్పుల్లో చాలావాటికి ఇంజను తిప్పేది కూడా వెనక చక్రాలనే. అవి గాలిలోకి లేచిన మరుక్షణం హ్యాండ్ బ్రేకూ గేరూ రెండూ బండిని పట్టి ఉంచలేవు. ముందు చక్రాలకు ముందూ వెనకా గట్టి చెక్కలు అడ్డం పెట్టకుండా జాకీ ముట్టుకోకూడదు. ఆ ఒంటి జాకీ మీద ఉన్నంతసేపు ఎవరూ బండి కిందికి దూరకూడదు, పక్కన నిలబడి కొలవాలి, దించేయాలి.

వెనక కమాను కట్టల గురించి కాస్త ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే సరుకు బండ్లలో ఒరుగు ఎక్కువగా పుట్టేది అక్కడే. పట్టీలన్నిటినీ మధ్యలో సెంటర్ బోల్టు గుచ్చి కలుపుతుంది. దాని మీద యూ బోల్టులు కట్టను యాక్సిలుకు బిగించి పట్టుకుంటాయి. సెంటర్ బోల్టు కోసం ప్రతి పట్టీకీ మధ్యలో చిల్లు ఉంటుంది, పట్టీ బలహీనంగా ఉండే చోటు అదే. యూ బోల్టులు గట్టిగా ఉన్నంతకాలం ఆ మధ్య భాగం వంగదు, చిల్లుకు ప్రమాదం లేదు. బోల్టులు వదులైతే మధ్య భాగం కూడా వంగడం మొదలవుతుంది, చిల్లు దగ్గర పగులు పుడుతుంది.

విజయవాడ ఆటోనగర్‌లో నీళ్ల క్యాన్లు వేసే ఒక పికప్పు కట్ట విప్పుతుంటే దగ్గరుండి చూశాను. వెనక కుడి పక్క బాగా దిగి ఉంది. అప్పటికే రెండు షాకులూ కొత్తవి వేశారు. కట్టను పక్క నుంచి చూస్తే పట్టీలన్నీ వరసగా బాగానే ఉన్నాయి. మేస్త్రీ వైరు బ్రష్షుతో మట్టి గీకాడు. యూ బోల్టుల కింది ప్లేటు అంచున, రెండో పట్టీకి మూడో పట్టీకి మధ్య సన్నగా ఇటుక రంగు పొడి. ‘ఇదిగో అన్నా, ఇనుమూ ఇనుమూ రాసుకుంటే వచ్చే పొడి ఇది, లోపల ఏదో కదులుతోంది’ అన్నాడు. స్పానరు వేస్తే యూ బోల్టు నట్లు అంత కష్టం లేకుండానే తిరిగాయి. కట్ట దించి విప్పేసరికి రెండో పట్టీ రెండు ముక్కలుగా చేతిలోకి వచ్చింది, సరిగ్గా చిల్లు దగ్గర. విరిగిన ముఖం చూపించాడు. సగానికి పైగా నల్లబడి నున్నగా ఉంది, మిగిలిన భాగం తెల్లగా, గరుగ్గా మెరుస్తోంది. నల్లబడింది పాత పగులు, ఎన్నో రోజులుగా కొంచెం కొంచెంగా పాకింది. మెరిసేది చివరి రోజు ఒక్క దెబ్బకు విరిగిన భాగం. పైన బిగించిన ప్లేటు ఆ రెండు ముక్కల్నీ పట్టి ఉంచడం వల్ల బయటికి ఏమీ కనిపించలేదు.

ఆ బండికి కుడి పక్కే ఎందుకు దెబ్బతింది? నీళ్ల క్యాన్ల బండి ఇంటి పక్కకు, అంటే రోడ్డుకు ఎడమ అంచున ఆగుతుంది. కుర్రాడు ఎడమ తలుపు తీసి అటు ఉన్న క్యాన్లే ముందు దించుతాడు. ఒక్కో క్యాను 20 లీటర్లు, 20 కిలోలకు పైనే. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా ఎడమ పక్క ఖాళీ అవుతూ, కుడి పక్క బరువు అలాగే ఉంటుంది. నిండు బండ 30 కిలోల దాకా తూగే గ్యాస్ సిలిండర్ల బండ్లకూ ఇదే కథ. కట్ట మార్చడంతోపాటు, రెండు పక్కల నుంచీ వంతులవారీగా దించమని డ్రైవరుకు చెప్పాలి. లేకపోతే కొత్త కట్ట కూడా ఆ దారే పడుతుంది.

వెనక చూడాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. కట్ట వెనక కొసను ఛాసిస్‌కు కలిపే షాకిలు రెండు పక్కలా ఒకే కోణంలో వాలి ఉందా? ఒక పక్క అది తుప్పుపట్టి బిగుసుకుపోతే ఆ కట్ట స్వేచ్ఛగా సాగలేదు. బుష్షులు అరిగి బోల్టు చిల్లులో ఆడుతోందా? సెంటర్ బోల్టు తెగిపోయి ఉంటే యాక్సిలు ఒక పక్క ముందుకో వెనక్కో జరుగుతుంది. అప్పుడు బండి ఒరగడమే కాకుండా తిన్నని రోడ్డు మీద కూడా ఏటవాలుగా నడుస్తుంది. ముందు హబ్బు నుంచి వెనక హబ్బుదాకా రెండు పక్కలా టేపు పెడితే తెలిసిపోతుంది. పట్టీల సంఖ్య కూడా లెక్కపెట్టండి. పాత యజమాని ఒక పక్క మాత్రమే అదనంగా పట్టీ వేయించి అమ్మిన బండ్లు మార్కెట్లో ఉన్నాయి.

ముందు భాగం బండిని బట్టి మారుతుంది. టాటా ఏస్‌కు ముందు కూడా కమాను కట్టలే. మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్‌కు ముందు కాయిల్ స్ప్రింగులు. కొన్ని బండ్లకు టార్షన్ బార్లు, అంటే మెలితిరిగి బరువు మోసే పొడవాటి ఉక్కు కడ్డీలు. కాయిలు అడుగు చుట్టు మట్టిలో కూరుకుపోయి ఉంటుంది, అక్కడ తుప్పుపట్టి చిన్న ముక్క విరిగిపోవడం మామూలే. విరిగిన కొస స్ప్రింగు కూర్చునే గిన్నెలో దాక్కుంటుంది కాబట్టి వేలితో తడిమి చూడాలి. టార్షన్ బారుకు వెనక కొసన ఎత్తు సరిచేసే బోల్టు ఉంటుంది. దాన్ని బిగిస్తే ఆ పక్క లేస్తుంది. ప్రతిసారీ కొద్దిగా తిప్పి, బండిని ముందుకూ వెనక్కూ నడిపి, మళ్లీ కొలవాలి. ఎడమ బారును కుడి పక్క వేయకూడదు. తయారీలోనే ఒక్కొక్కటి ఒక్కో దిక్కుకు మెలిక పడేలా అలవాటు చేసి పంపుతారు, అందుకే ఎల్, ఆర్ అని గుర్తులుంటాయి. బోల్టు చివరిదాకా బిగించినా ఎత్తు రావడం లేదంటే బారు పని అయిపోయినట్టు.

స్టెబిలైజర్ బారు కూడా రెండు పక్కల్నీ కలిపి కట్టేస్తుంది. అది వంగినా, దాని లింకులు రెండూ ఒకే పొడవు లేకపోయినా బండిని ఒక పక్కకు లాగి పెడుతుంది. మట్టమైన నేల మీద బండి నిలబడి ఉండగా ఒక లింకు బోల్టు తీసి మళ్లీ వేయండి. చేత్తోనే జారితే ఏ బాధా లేదు. లాగి, తోసి, కడ్డీతో వంచి పెట్టాల్సి వస్తే బారు బిగువులో ఉన్నట్టు.

మంచి మేస్త్రీలు కూడా మరిచిపోయే సంగతి ఇంకొకటి. ముందు చక్రాలను ఛాసిస్‌కు కలిపే కంట్రోల్ ఆర్ముల్లో, కట్టల కొసలనున్న కళ్లల్లో ఉండే రబ్బరు బుష్షులను బండి జాకీ మీద చక్రాలు వేలాడుతుండగానే బిగించేస్తారు. రబ్బరు ఆ వేలాడే స్థితిలోనే పట్టుబడుతుంది. బండి దించగానే రబ్బరు మెలితిరిగి ఆ పక్కను పైకి తోస్తూ ఉంటుంది. రిపేరు చేయించిన రోజు నుంచే బండి ఒరగడం మొదలైతే ముందు దీన్ని అనుమానించండి. ఆ బోల్టులు వదులు చేసి, బండిని తన కాళ్ల మీద తాను నిలబెట్టి, ఊపి, అప్పుడు బిగిస్తే చాలాసార్లు పైసా ఖర్చు లేకుండా సరవుతుంది.

ఇక రిపేరు. స్ప్రింగు మారిస్తే రెండు పక్కలా మార్చండి. ఒక పక్క కొత్తది, ఒక పక్క అలసిపోయినది వేస్తే ఒరుగు అవతలి పక్కకు మారుతుంది, అంతే. డబ్బు చాలక కట్టకు మళ్లీ వంపు పెట్టిస్తామంటారు. పట్టీలు విరగకుండా కేవలం సాగి ఉంటే, చల్లగా ఉండగానే సుత్తితో సమానంగా కొట్టి వంపు తెచ్చే పనివాళ్లున్నారు, కొంతకాలం పనిచేస్తుంది. గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి వంచడానికి మాత్రం ఒప్పుకోకండి. స్ప్రింగు ఉక్కుకు ఆ బలం సుమారు 850 డిగ్రీలకు కాచి నూనెలో ముంచి, మళ్లీ 400, 500 డిగ్రీల మధ్య కాచడం వల్ల వస్తుంది. మంట పెట్టి గాలికి ఆరనిస్తే ఆ బలం పోయి, పట్టీ చూడ్డానికి వంపుగానే ఉండి మొదటి లోడుకే కుంగిపోతుంది.

ఒరిగిన పక్క ఒక పట్టీ అదనంగా వేసేయడం అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా చెడ్డ పని. ఎత్తు సరిపోతుంది, కానీ రెండు పక్కల గట్టిదనం వేరైపోతుంది. గుంతల్లో బండి ఒక పక్కకు విసురుతుంది, తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే ఒక చక్రం ముందుగా జారుతుంది. లోడు కోసం రెండు పక్కలా పట్టీలు వేయించేవాళ్లు కూడా ఒకటి గమనించాలి. చాలా పికప్పుల్లో ఛాసిస్‌కూ వెనక యాక్సిలుకూ మధ్య చిన్న కడ్డీతో కలిపిన బ్రేకు వాల్వు ఒకటుంటుంది. వెనక ఎంత దిగిందో చూసి, లోడు ఎంతుందో గ్రహించి, వెనక బ్రేకులకు అంత ఒత్తిడి పంపుతుంది. పట్టీలు వేసి వెనక భాగాన్ని ఎత్తేస్తే, నిండు లోడులో కూడా బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకులకు ఒత్తిడి తగ్గిస్తుంది. వెనక ఎత్తు మారిన ప్రతిసారీ ఆ వాల్వును కంపెనీ కొలత ప్రకారం సరిచేయించాలి. దీని గురించి అడిగే యజమాని నాకు అరుదుగా కనిపిస్తున్నాడు. దయచేసి అడగండి.

భీమవరం, కైకలూరు, నెల్లూరు వైపు చేపలూ రొయ్యలూ మోసే బండ్లవాళ్లకు ఒక ప్రత్యేకమైన మాట. పెట్టెల్లోంచి కరిగిన ఐసు నీళ్లు రోజంతా ఛాసిస్ మీద కారుతుంటాయి. కట్టలను ఛాసిస్‌కు పట్టి ఉంచే బ్రాకెట్ల దగ్గర ఆ నీళ్లు నిలిచి ఇనుము పొరలు పొరలుగా లేచిపోతుంది. సుత్తి కొసతో తట్టి చూడండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్న ఇనుము మొద్దుగా పలుకుతుంది. మొద్దుగా పలికితే ఎన్ని కట్టలు మార్చినా ప్రయోజనం లేదు. పైన రేకు ముక్క అతికి రంగు పూసి పంపేచోటికి వెళ్లకండి. ఛాసిస్ పని తెలిసినవాళ్ల చేత ఆ భాగం మొత్తం కోయించి వేయించాలి. రోజూ సాయంత్రం మంచినీళ్లతో ఛాసిస్ కడిగే అలవాటు ఈ ఖర్చును చాలా ఏళ్లు వాయిదా వేస్తుంది.

కట్టలు బిగించేటప్పుడు పాత యూ బోల్టులు మళ్లీ వాడనివ్వకండి. ఒకసారి బిగించిన బోల్టు సాగి ఉంటుంది, మళ్లీ అంత పట్టు ఇవ్వదు. కొత్తవాటిని టార్క్ రెంచితో, ఎదురెదురు మూలలుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. అక్కడితో పని అయిపోదు. రెండు మూడు లోడులు వేశాక పట్టీలు ఒకదాని మీద ఒకటి సర్దుకుని బోల్టులు కొద్దిగా వదులవుతాయి, కాబట్టి బండిని మళ్లీ షెడ్డుకు తెచ్చి, తన చక్రాల మీద నిలబడి ఉండగానే, అదే టార్కుకు ఇంకోసారి బిగించాలి. ఆ రోజే నాలుగు మూలల ఎత్తులూ మళ్లీ కొలిచి, తేదీ, కిలోమీటర్ల రీడింగుతో సహా ఆర్‌సీ పుస్తకం కవరులో ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే, ఈసారి బండి ఎంత దిగిందో మేస్త్రీ చెప్పకముందే మీకు తెలుస్తుంది.